మా యమ్మాయి వానకోటు



బట్టలుదుకుట మనకు పుట్టుకతో వచ్చిన విద్యయని మన మందరము తలంచుచుందుము. మేమును అట్లే తలంచితిమి. ముప్పదియేండ్లు సంసారము చేసి, పసిపిల్లల పొత్తిగుడ్డలు మొదలుకొని పెద్దల పట్టుపంచెలవరకు ఉదికినవారము; ఇక నీ విషయమున మాకు నేర్పువా రెవ్వరని లోలోపల కొంత గర్వముకూడ నుండెను. ఆ గర్వమును ఒక వానకోటు అణచివేసినది. ఆ సంగతిని దాచుకొనక చెప్పినయెడల మరియొక యింట అట్టి పొరపాటు జరుగకుండునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది విజయనగరము. మా పెద్దమ్మాయి సీతంపేట మన్యమున గిరిజన బాలికల ఆశ్రమపాఠశాలలో సైన్సు ఉపాధ్యాయిని. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీని పార్వతీపురం మన్యము జిల్లా ఏర్పడువరకు ఆ ప్రాంతము శ్రీకాకుళము జిల్లాలోనిదే. సవరలు, జాతాపులు నివసించు కొండయూళ్లు అచ్చట అనేకము కలవు. వేసవి సెలవులకు ఇండ్లకు వెళ్లిన బాలికలలో కొందరు బడి తెరచిన పిమ్మట తిరిగి రారు. ఒకతెకు తమ్ముని నెత్తుకొను పని, ఒకతెకు పోడుపొలములో కలుపు తీయు పని, మరియొకతెకు పెండ్లిమాట. కబురు పంపినంత మాత్రమున పని కాదు. పాఠము చెప్పు పంతులమ్మ స్వయముగా వాకిటికి వచ్చి అడిగిననే తల్లిదండ్రుల మనసు కరగును. కావున మా యమ్మాయియు, తోడి యుపాధ్యాయినులును వాన లారంభమైన తరువాతి ఆదివారములందు కొండలెక్కి పిల్లలను వెదకి తెచ్చుచుందురు.

కొండదారిలో గొడుగు పనికిరాదు. ఒక చేతిలో కర్ర యుండవలయును. రెండవ చేయి కొమ్మనో రాతినో పట్టుకొనుటకు ఖాళీగా నుండవలయును. గాలి తోడైనచో గొడుగేమగునో మన ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినప్పుడు ఉద్దానపు కొబ్బరితోటలే నేలకొరిగినవి. ఇక గొడుగుకమ్ము లెంత! పూర్వము పెద్దలు గొంగళిని తలమీదుగా ముసుగు వేసికొని వానలు గడపిరి. గొంగళి తడిసినను కొంత వెచ్చదన మిచ్చును గాని, తడిసిన గొంగళి బరువుతో కొండ యెక్కుట కష్టము. అందుచేత మా యమ్మాయి, కొండలెక్కువారు ధరించు తేలికయైన వానకోటు నొకదానిని ఆరువేల రూపాయలు పెట్టి కొనెను.

"ఓలమ్మ! వానకోటుకి ఆరువేలేటే? పట్టుచీర వచ్చీది గదే!" అని మా యత్తగారు బుగ్గలు నొక్కుకొనిరి. మేము పైకి అనలేదు గాని మనసున అదియే అనుకొంటిమి. నిజము చెప్పవలసినచో మాకు ఆ కోటుమీదకంటె ఆ కొండలమీద ఎక్కువ కోపము. ఆడపిల్లకు ఆ వానలో, ఆ జలగలలో తిరుగుట యేల, మైదానమునకు బదిలీ చేయించుకొనరాదా యని ఆమె వచ్చినప్పుడెల్ల అడుగుచునే యుంటిమి. ఆమె నవ్వి మాట మార్చెడిది.

గడచిన ఆషాఢమున ఒక శనివారము రాత్రి ఆమె యింటికి వచ్చెను. వచ్చినది వచ్చినట్లు రెండు ముద్దలు తిని నిద్రపోయెను. కోటు చూతుము గదా, మోచేతులవరకు ఎఱ్ఱమట్టి, మెడపట్టీయు తలకప్పును కొబ్బరినూనెతో నల్లబడియున్నవి, పొగవాసన, చెమటవాసన. తల్లికడుపు ఊరకుండునా? ఆ రాత్రియే వేడినీళ్లలో రెండు గుప్పెళ్లు సబ్బుపొడి వేసి నానవేసితిమి. తెల్లవారి నూతిపళ్లెముమీద పరచి బ్రష్షుతో కసికసిగా తోమితిమి. మల్లెల పరిమళము గల మెత్తదనపు ద్రవములో ముంచి, గట్టిగా పిండి, మిట్టమధ్యాహ్నపు టెండలో మేడమీద ఆరవేసితిమి. సాయంకాలమునకు కోటు కొత్తదానివలె మెరసెను. నాలుగు మడతలు పెట్టి, పైన చేతితో అదిమి ఆమె సంచిలో సర్దితిమి. సోమవారము తెల్లవారకముందే ఆమె బస్సెక్కినది.

తరువాతి ఆదివారము రాత్రి తోడి యుపాధ్యాయిని ఫోను చేసెను. కొండ సగము ఎక్కునప్పటికి వాన పట్టుకొన్నదట. అరగంటలో కోటు పైగుడ్డ తడిసి ఒంటికి అంటుకొన్నదట. ఇంకొక గంటకు లోపలి బట్టలును తడిసి, మా యమ్మాయి వణకుచుండగా తోడివారు ఆమెను వెనుకకు దింపుకొనివచ్చిరట. ఆ దినమున ఇద్దరు బాలికల యిండ్లకు పోవలసియుండెను. ఏ యింటికిని పోలేదు.

మరునాడు మేము రాజాము, పాలకొండల మీదుగా సీతంపేటకు పోయితిమి. అమ్మాయికి జ్వరము. ఆమె గదిలో చిలుకకొయ్యకు ఆ కోటు వ్రేలాడుచున్నది. మల్లెల వాసన యింకను పోలేదు! "ఆరువేలు పెట్టి కొన్న కోటు ఇంతేనా?" యని మేము కొట్టువానిని తిట్టబోతిమి. ఆమె మా చేయి పట్టుకొని, "కోటు మంచిదే అమ్మా. నువ్వూ బాగానే ఉతికావు. మరీ బాగా ఉతికావు, అదీ చిక్కు" అనెను.

జ్వరము తగ్గిన దినమున ఆమె బడితోటలోనుండి రెండు చామాకులు తెప్పించెను. ఒక ఆకుమీద నీరు చిలికినది. నీరు ముత్యములై దొరలి క్రిందపడెను. రెండవదానిని సబ్బునీటితో వ్రేలితో రుద్ది ఆరనిచ్చి, దానిమీదను నీరు చిలికినది. ఈసారి ముత్యములు లేవు. నీరు ఆకంతట పరచుకొని అంటిపట్టుకొన్నది. "ఇదీ నా కోటు సంగతి" అనెను. పిల్లలకు పాఠము చెప్పినట్లు మాకును చెప్పినది. తామరాకుమీది నీటిబొట్టు అని యెన్నివేల పర్యాయము లనుకొంటిమో గాని, ఆ బొట్టు ఎందుకు నిలువదో ఆనాటివరకు ఆలోచింపలేదు.

ఆమె చెప్పినది క్లుప్తముగా నిది. కొండలెక్కువారి వానకోటు చూచుటకు ఒక గుడ్డయే గాని, అందు రెండు మూడు పొర లుండును. పైది నైలాను గుడ్డ. దానిమీద నీరు నిలువనీయని మందు ఒకటి పూయబడియుండును. అదియే చామాకు గుణమును కలిగించునది. దాని లోపల ఒక పలుచని పొర. వాననీటిని ఆపునది నిజముగా ఈ పొరయే. ఈ పొరకు గల సూక్ష్మమైన మార్గములగుండ నీటిబొట్టు లోనికి రాజాలదు. ఒంటి చెమట ఆవిరిమాత్రము బయటికి పోగలదు. కుట్ల రంధ్రముల గుండ నీరు రాకుండ లోపలివైపున టేపు అంటించియుందురు.

ఈ విద్య ఒక్కనాటిది కాదు. 1823లో చార్లెస్ మాకింటాష్ అను నతడు నాప్తా తైలములో రబ్బరును కరగించి, రెండు గుడ్డల నడుమ పూసి వానకోటునకు తగిన గుడ్డను చేసెను. మన దేశమున 1920లో సురేంద్రమోహన్ బోసుగారు కలకత్తాలో బెంగాల్ వాటర్‌ప్రూఫ్ అను సంస్థ నారంభించిరి. వారి కోట్లకు 'డక్‌బ్యాక్', అనగా బాతు వీపు, అని పేరు. బాతు తన యీకలకు ముక్కుతో నూనె రాచుకొనును గనుక నీరు దాని వీపున నిలువదు. కాని రబ్బరు గుడ్డ వాన నాపినట్లే చెమటను కూడ ఆపును. 1969లో అమెరికాలో రాబర్టు గోర్ అను నతడు టెఫ్లాను జాతి పదార్థమును వేడిచేసి ఒక్క పెట్టున లాగి చూడగా, అది తెగక సాగి కంటికి కానరాని రంధ్రములు గలదాయెను. గోర్-టెక్స్ అను పేరిట వచ్చిన పొర అదియే. నేటి కోట్లన్నిటిలో నుండునది ఆ పొరయే కాదు. పాలీయురితేను పూతతో చేసినవియు చాల కలవు. వాన నాపి చెమటను విడుచుటయే అన్నిటి పని.

ఇక మా తప్పులు వినుడు. సబ్బుపొడియొక్క పనియే నీటిని గుడ్డలోనికి చొప్పించి మురికిని వదలించుట. అది చక్కగా జాడింపబడక కోటుపై నిలిచినచో, తరువాత వాననీటిని సైతము పిలిచి గుడ్డలోనికి చేర్చును. పరిమళద్రవము మరింత చెడ్డది. అది గుడ్డనిండ ఒక పూతయై కూర్చుండును. బ్రష్షుతో గట్టిగా తోమినచో పైమందు అరగిపోవును, టేపు లేచును. మెలిపెట్టి పిండినచో లోపలి పొర నలుగును. చాలసేపు తీవ్రమైన యెండలో నుంచుటయు గుడ్డకు మంచిది కాదు. పొందూరు ఖద్దరుపంచెకు సబ్బు, ఎండ, గంజి ఎంత మేలో, ఈ కోటునకు అవి అంత కీడు. పట్టుచీరకు కుంకుడురసము, ఉన్నిశాలువకు చన్నీళ్లు అని గుడ్డ నెరిగి ఉదుకుట మనకు తెలియనిది కాదు. కొత్తగుడ్డ వచ్చినప్పుడు దాని జాతి యేదియని అడుగకపోవుటయే మా తప్పు.

అట్లని ఉదుకకుండుటయు మంచిది కాదు. "ఉతికితే పాడౌతుంది" అని మా యమ్మాయి అంతకు ముందు ఏడాదిపాటు ఆ కోటును ఉదుకనేలేదు. అదియు తప్పేయని ఆమెయే ఒప్పుకొన్నది. చెమట, మట్టి, తలనూనె గుడ్డలో చేరినప్పుడును చామాకు గుణము నశించును; నూనె లోపలి పూతను కూడ క్రమముగా చెరచును. జడలకు కొబ్బరినూనె రాచుకొను మన యిండ్లలో తలకప్పు, మెడపట్టీ ముందుగా చెడుటకు కారణ మిదియే.

సరియైన పద్ధతి యెట్లనగా: మొదట కోటు లోపల కుట్టియున్న లేబులును చదువవలయును. నీళ్లతొట్టి గుర్తులో 30 అనియో 40 అనియో యుండును. నీటి వేడి అన్ని సెంటీగ్రేడు డిగ్రీలకు మించరాదని దాని యర్థము. జేబులు ఖాళీచేసి, జిప్పులన్నియు మూసి, ఎండిన మట్టిని మెత్తని గుడ్డతో దులుపవలయును. ఇట్టి కోట్లకై ప్రత్యేకమైన ద్రవపు సబ్బు అమ్ముదురు. అది దొరకనిచో, పరిమళము, బ్లీచింగు, మెత్తదనపు మందు చేరని సాధారణ ద్రవపు సబ్బును కొద్దిగా గోరువెచ్చని నీటిలో కలిపి, కోటును ముంచి, అరచేతులతో మెల్లగా నొక్కుచు ఉదుకవలయును. మెడపట్టీ, మణికట్టుపట్టీల యొద్ద వ్రేళ్లతో రుద్దిన చాలును. పిమ్మట నురుగన్నది కానరానంతవరకు మంచినీటిలో జాడింపవలయును; ఉదుకుటకంటె జాడించుటయే ముఖ్యము. వాషింగుమెషీనులో వేయుదుమన్నచో, సబ్బుపొడి వేయు అరను ముందుగా శుభ్రముగా తుడిచి, మెల్లగా తిరుగునట్లు పెట్టవలయును. నీరు విడువని గుడ్డ గనుక వేగముగా త్రిప్పి పిండుట కూడదు. పిండక, నీరు కారునట్లు వెడల్పైన హేంగరునకు తగిలించి గాలి తగులు నీడలో ఆరవేయవలయును.

ఆరిన తరువాత మరియొక పని కలదు. పైమందు తిరిగి పనిచేయుటకు కొంచెము వేడి కావలయును. లేబులు సమ్మతించినచో, మీద నొక పలుచని నూలుగుడ్డ పరచి, ఇస్త్రీపెట్టెను అతి తక్కువ వేడిలో నుంచి, ఆవిరి లేకుండ మెల్లగా రాయవలయును. అంతట నీటిచుక్కలు చిలికి చూడవలయును. ముత్యములై దొరలినచో కోటు బాగుపడినట్లే. గుడ్డలోనికి ఇంకినచో పైమందు అరగిపోయినదన్న మాట. చిమ్ముటకు వీలుగా సీసాలలో అమ్ము మందును శుభ్రమైన కోటుమీద తిరిగి పట్టింపవలయును. మురికి కోటునకు ఆ మందు పట్టదు.

మే మట్లే చేసితిమి. పరిమళము వదలుటకు మూడుసార్లు ఉదికి, లెక్కలేనన్నిసార్లు జాడించితిమి. ఇస్త్రీ తరువాత భుజములయొద్ద తప్ప తక్కిన తావులందు నీరు దొరలెను. భుజములకు సంచిపట్టీల రాపిడిచే మందు పోయినది. అచ్చటికి కొత్త మందు చిమ్మితిమి.

ఇచట రెండు మాటలు చెప్పవలసియున్నది. ఒకటి: పైగుడ్డ తడిసినంతమాత్రమున కోటు కారుచున్నదని తలపరాదు. పైగుడ్డ నీటితో నిండినప్పుడు చెమట ఆవిరి బయటికి పోజాలక లోపలనే నీరగును. కోటు చల్లబడి ఒంటికి అంటుకొనును. మా యమ్మాయిని తడిపినది కొంత వాన కాదు, ఆమె చెమటయే. మన సముద్రతీరపు ఉక్కలో ఎంత మంచి కోటైనను చెమటను పూర్తిగా విడువలేదు గనుక, చంకలయొద్ద జిప్పులున్నచో తెరచుకొని, మెల్లగా నడచుట మేలు. రెండవది: ఈ పైమందులలో చాలకాలము ఫ్లోరిను చేరిన రసాయనములు వాడిరి. అవి మంటిలో, నీటిలో ఎన్నాళ్లకును నశింపవు. వానిలో పి.ఎఫ్.ఓ.ఏ. అను దానిని 2019లో స్టాక్‌హోం ఒడంబడిక పట్టికలో చేర్చిరి. నేడు ఫ్లోరిను లేని మందులు వచ్చినవి. కొనునప్పుడు అట్టివానినే అడుగుడు. అవి నీటిని ఆపును గాని నూనెను అంతగా ఆపజాలవు. కావున అట్టి కోట్లను మరింత శ్రద్ధతో, తరుచుగా ఉదుకవలసియుండును.

దాచు పద్ధతియు ముఖ్యమే. మా మామగారికి పూర్వ మొక రబ్బరుకోటు ఉండెడిదట. ఒక యేడు వానలు వెనుకబట్టగానే మా యత్తగారు దానిని తడి యారకముందే మడచి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టిరట. మరుసటి యేడు తీయబోగా మడతకు మడత అంటుకొని, విప్పబోయిన తావున చినిగెనట. "ఆయనొక్క మాటా అనలేదే, ఆ వానాకాలమంతా తడుస్తూనే తిరిగేరు" అని ఈ సందర్భమున మా యత్తగారు చెప్పిరి. అరువదియేండ్లనాటి సంగతి, చెప్పునప్పుడు ఆమె కన్నులు చెమరించినవి. నేటి కోట్ల లోపలి పూతయు తేమలో, ఉక్కలో జిగటయై పొరలుపొరలుగా ఊడును. అట్లయినచో దానికి మందు లేదు. కావున పూర్తిగా ఆరిన కోటును బీరువాలో వదులుగా తగిలింపవలయును. ప్లాస్టికుసంచిలో బిగించి కట్టరాదు. ఇక బండిమీద పోవువారు వేసికొను చౌకరకపు ప్లాస్టికుకోటు సంగతి వేరు. దానిని తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరవేసిన చాలును. దానికి ఇస్త్రీపెట్టె సోకనేరాదు.

ఆ తరువాతి ఆదివారమున వాన యున్నది. మేము సీతంపేటలోనే యుంటిమి. అమ్మాయి కోటు తొడుగుకొని వాకిట నిలిచినప్పుడు, వాన ఆమె భుజములమీద ముత్యములై దొరలుట చూచితిమి. బదిలీమాట నోటివరకు వచ్చినది, మ్రింగితిమి. సాయంకాలమున ఆమె తిరిగివచ్చెను. వెంట ఒక బాలిక. తలమీద చిన్న బట్టలమూట. మా యమ్మాయి ఒంటిమీది బట్టలు పొడిగా నున్నవి. "రెండో పిల్లో?" అని అడిగితిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. ఆ బాలికను నాలుగు దినములక్రిందటనే బంధువులవెంట దూరపుటూరికి పనికి పంపివేసిరట.

ముందటి ఆదివారము ఆ కోటు తడియకయుండినచో ఆ పిల్ల బడిలో నుండెడిదో లేదో మే మెరుగము. తల్లిదండ్రులు ఒప్పుకొనకనే పోయెడివారేమో. అయినను ఆ సందేహము మమ్ము విడువలేదు. ఆమె కొండ యెక్కుట మా కిష్టము లేదు; ఆ కోటును అంత నిర్లక్ష్యముగా, అనగా దాని లేబులైన చదువక, ఉదుకుటకు ఆ యనిష్టము కొంత కారణమేమో యని మమ్ము మేమే ప్రశ్నించుకొంటిమి. బిడ్డ వస్త్రమును తెల్లగా నుంచుటయే ప్రేమ యనుకొంటిమి. ఆమె పోవలసిన చోటికి పోవుటకు ఆ వస్త్రము పనికివచ్చునట్లు ఉంచుట ప్రేమయని ఆలస్యముగా తెలిసికొంటిమి.

ఇప్పుడు ఆ కోటు నెలకొక పర్యాయము మా యింటికి వచ్చును. దానికొక తొట్టి, ఒక సీసా వేరుగా నుంచితిమి; మా యత్తగారు సబ్బుపొడి డబ్బాను ఆ దరికి రానీయరు. కడపట జాడించినపిమ్మట చేతితో నాలుగు చుక్కలు చిలికి చూచుట ఆవిడ పని. చుక్కలు దొరలి క్రిందపడినప్పుడు, "ఇంక పంపీవచ్చు" అందురు.